పేరు దొరికే దాకా: ఒక ఫిలిపినో వెటరన్ క్లెయిమ్ కేస్ స్టడీ

ఈ కేసు గురించి రాయాలని చాలా ఏళ్ళుగా అనుకుంటున్నా. రెండో ప్రపంచ యుద్ధంలో పోరాడిన ఆ ఫిలిపినో పెద్దాయన ఇప్పుడు లేరు, వాళ్ళ ఇంట్లోవాళ్ళు రాయమన్నారు. పేర్లు, ఊరు, యూనిట్, కాలేజీ అన్నీ తీసేశాను, ఒకటి రెండు వివరాలు ఎవరూ గుర్తుపట్టకుండా మార్చాను. నేను వరంగల్ వైపు నుంచి వచ్చి శాన్ ఫ్రాన్సిస్కో బే ఏరియాలో సెటిల్ అయినదాన్ని, ఒక చిన్న నాన్ ప్రాఫిట్‌లో వెటరన్స్, అంటే మాజీ సైనికుల, క్లెయిమ్స్ చూసే, వీఏ (అమెరికా ప్రభుత్వంలో మాజీ సైనికుల వ్యవహారాల శాఖ) గుర్తించిన అక్రెడిటెడ్ ఏజెంట్‌గా చాలా కాలం పనిచేశా. మన తెలుగు పిల్లలు కూడా ఇప్పుడు ఇక్కడ లీగల్ ఎయిడ్‌లో, సోషల్ వర్క్‌లో కనిపిస్తున్నారు, వాళ్ళకి పనికొస్తుందని మన భాషలోనే రాస్తున్నా.

ముందు జరిగింది

చరిత్ర కొంచెం తెలియకపోతే కేసు అర్థం కాదు. ఫిలిప్పీన్స్ అప్పట్లో అమెరికా చేతి కింద ఉండేది. 1941 జూలై 26న ప్రెసిడెంట్ రూజ్‌వెల్ట్ ఒక ఆర్డర్ ఇచ్చి ఫిలిప్పీన్ కామన్‌వెల్త్ ఆర్మీని అమెరికా సైన్యం సర్వీసులోకి పిలిచాడు, అమెరికా జనరల్ మెకార్థర్ కింద. గెరిల్లాలతో కలిపి రెండున్నర లక్షల మందికి పైగా ఫిలిపినోలు పోరాడారు. 1942 ఏప్రిల్ 9న బటాన్ ద్వీపకల్పం జపాన్ సైన్యం చేతిలో పడిపోయింది, మే 6న కొరెజిడోర్ దీవి. బటాన్‌లో పట్టుబడ్డవాళ్ళని డెత్ మార్చ్‌లో, అంటే వేలమంది దారిలోనే చనిపోయిన నడకలో, నడిపించారు, తప్పించుకున్నవాళ్ళు కొండల్లోకి పోయి ఊళ్ళల్లో కుర్రాళ్ళని కలుపుకుని గెరిల్లా దళాలు కట్టారు. మా పెద్దాయన అలా కలిసిన కుర్రాడే.

యుద్ధం అయిపోయాక 1946 ఫిబ్రవరి 18న రెసిషన్ యాక్ట్ వచ్చింది, అంటే వెనక్కి తీసుకునే చట్టం. ఫిలిప్పీన్ ఆర్మీకి 20 కోట్ల డాలర్లు ఇచ్చి, అదే చట్టంలో వీళ్ళ సర్వీసుని అమెరికా వెటరన్ల బెనిఫిట్స్ విషయంలో యాక్టివ్ సర్వీసుగా లెక్కపెట్టకూడదని రాశారు. గాయపడ్డవాళ్ళకి, చనిపోయినవాళ్ళ కుటుంబాలకి మాత్రం కొంత ఉంచారు, అది కూడా డాలర్‌కి ఒక పెసో లెక్కన, అంటే సగం. సంతకం పెట్టిన ట్రూమన్ కూడా వీళ్ళ పట్ల అమెరికాకి నైతిక బాధ్యత ఉందని చెప్పాడు, కానీ చట్టం అలాగే ఉండిపోయింది. ఒకే కందకంలో పక్కపక్కన పడుకున్న ఇద్దరిలో అమెరికా వాడికి ఇల్లు, చదువు, పెన్షన్, ఫిలిపినోకి ఏమీ లేదు.

1990 ఇమ్మిగ్రేషన్ చట్టంలో ఈ వెటరన్లకి సిటిజన్‌షిప్ ఇచ్చే దారి తెరిచారు, సుమారు 26,000 మంది తీసుకున్నారు. అప్పటికే డెబ్బైకి దగ్గరపడ్డవాళ్ళు, దాటినవాళ్ళు. ఇక్కడికొచ్చి శాన్ ఫ్రాన్సిస్కో సౌత్ ఆఫ్ మార్కెట్‌లో, టెండర్‌లాయిన్‌లో పాత హోటల్ గదుల్లో ఇద్దరు ముగ్గురు కలిసి ఉంటూ, ఎస్ఎస్ఐ, అంటే పేద ముసలివాళ్ళకి ప్రభుత్వం నెలనెలా ఇచ్చే సాయం, ఆ డబ్బులతో బతుకుతూ, అందులోనే మిగిల్చి ఊరికి పంపేవాళ్ళు. 1997లో కొందరు ముసలివాళ్ళు వైట్ హౌస్ కంచెకి గొలుసులతో కట్టుకున్నారు. ఆ తర్వాతే ఫిలిపినో కాలేజీ పిల్లలు గట్టిగా దిగారు, బే ఏరియాలో స్టూడెంట్ యాక్షన్ ఫర్ వెటరన్స్ ఈక్విటీ అని, లాస్ ఏంజెలెస్‌లో జస్టిస్ ఫర్ ఫిలిపినో అమెరికన్ వెటరన్స్ అని. ఏటా వెటరన్స్ డే రోజు ఊరేగింపులు, సంతకాలు, వాషింగ్టన్‌కి బస్సులు విమానాలు. ఆ పిల్లల్లో చాలామందికి సొంత తాతలే వెటరన్లు, కొంతమందికి అసలు ఏ బంధుత్వమూ లేదు, అయినా ముసలివాళ్ళందరినీ లోలో, లోలా అనే పిలిచేవాళ్ళు. అంటే తాత, అవ్వ అన్నమాట.

చివరికి 2009 ఫిబ్రవరి 17న ఒబామా సంతకం పెట్టిన రికవరీ యాక్ట్‌లో వీళ్ళకి ఒక ఫండ్ పెట్టారు, 19.8 కోట్ల డాలర్లు. సిటిజన్ అయితే ఒకేసారి 15,000 డాలర్లు, కాకపోతే 9,000. అప్లై చేసుకోడానికి ఒక్క సంవత్సరమే టైమ్. 42,000 మందికి పైగా అప్లై చేస్తే 18,000 పైచిలుకు మందికే వచ్చింది. రాని ఆ సగానికి పైగా మందిలో మా పెద్దాయన ఒకడు.

మా దగ్గరికి ఎలా వచ్చింది

2010 వేసవి మొదట్లో ఒక స్టూడెంట్ అమ్మాయి ఫోన్ చేసింది, ఆతే, మా లోలోకి డినయల్ లెటర్ వచ్చింది, ఆయన యుద్ధంలో లేనే లేడు అంటున్నారు, అని ఏడుస్తూ. ఆతే అంటే అక్క. లోలో సొంత తాత కాదు, వాళ్ళ సంఘం వాళ్ళు వారం వారం వెళ్ళి కిరాణా సామాన్లు ఇచ్చే ముసలాయన.

నేను వెళ్ళి చూశా. ఒకటే గది, మంచం, దాని పక్కన రైస్ కుక్కర్, మూలన ఊళ్ళో ఉన్న ఇంటికి పంపే బాలిక్‌బాయన్ పెట్టె సగం నిండి, అందులో సబ్బులు, కాఫీ పొడి, కార్న్‌డ్ బీఫ్ డబ్బాలు, మనవళ్ళకి బూట్లు. ఆ పెట్టె నిండడానికి మూడు నాలుగు నెలలు పడుతుందంట, నిండాక ఓడ మీద పంపుతారు. ఆయనకి ఎనభై ఎనిమిది, చెవులు బాగా వినపడవు. లోలా ఆయనకంటే నాలుగేళ్ళు చిన్న, మేము మాట్లాడినంతసేపూ ఆ పెట్టె పక్కన కూర్చుని బట్టలు మడతపెడుతూనే ఉంది.

వీఏ పంపిన లెటర్ ఒక పేజీ. దాని సారాంశం ఏంటంటే, మీరు చెప్పిన పేరుతో, పుట్టిన తేదీతో అమెరికా సైన్యం సర్వీసులో ఉన్నట్టు రికార్డులో ధృవీకరణ దొరకలేదు, కాబట్టి మీరు అర్హులు కాదు. ఆయన ఆ లెటర్‌ని ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి, ఆ కవర్‌ని దిండు కింద పెట్టుకున్నాడు. నన్ను అబద్ధాలకోరు అన్నారు అన్నాడు ఆయన, టాగలోగ్‌లో, ఆ అమ్మాయి నాకు చెప్పింది. లెటర్‌లో ఆ మాట లేదు. కానీ ఆయనకి అలాగే వినపడింది, పిల్లలకి కూడా, నిజం చెప్పాలంటే నాకు కూడా. మొదటి తప్పు అక్కడే చేశాం.

మొదట చేసినవి, ఎందుకు చేశాం

అప్పట్లో అప్పీల్‌కి మొదటి మెట్టు నోటీస్ ఆఫ్ డిసగ్రిమెంట్, అంటే నిర్ణయం ఒప్పుకోవట్లేదని చెప్పే కాగితం, డినయల్ వచ్చిన ఏడాదిలోపు వెయ్యాల్సి ఉండేది. టైమ్ ఉంది. దాంతోపాటు ఏ ఆధారం పెట్టాలి అన్నది మొదటి నిర్ణయం.

నా బుర్రలో వెంటనే తోచింది మన ఊరి పద్ధతి. మా తాతగారి అన్నకి స్వాతంత్ర్య సమరయోధుల పెన్షన్ వచ్చింది, నిజాం కాలం నాటి జైలు రికార్డు దొరక్కపోతే తోటి ఖైదీ ఒకాయన సర్టిఫికెట్ రాసిచ్చాడు, అది చెల్లింది. చిన్నప్పుడు ఇంట్లో ఆ కథ వందసార్లు విన్నా. కాబట్టి ఇక్కడ కూడా తోటి గెరిల్లాల చేత అఫిడవిట్లు ఇప్పిద్దాం అనుకున్నా. పిల్లలు రెండు వారాల్లో ఇద్దరు ముసలివాళ్ళని వెతికి పట్టుకున్నారు, ఒకాయన స్టాక్‌టన్‌లో, ఒకాయన ఇక్కడే. ఇద్దరూ సంతకం పెట్టారు.

ఇంకొకటి, లోలో సొంత స్టేట్‌మెంట్. దీన్ని పిల్లలే రాశారు, చాలా ప్రేమగా, మంచి ఇంగ్లీషులో. ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తే అక్కడక్కడ ఖాళీలు వచ్చాయి, ఎప్పుడు చేరావు లోలో అంటే వానలకి ముందు అంటాడు, ఏ సంవత్సరం అంటే బటాన్ పడిపోయాక అంటాడు. వాళ్ళు పుస్తకాలు చూసి ఆ ఖాళీలు నింపేశారు, 1942 ఏప్రిల్ అని తేదీ వేశారు. చదివితే కళ్ళు చెమర్చేలా ఉంది. నేను చదివి, బాగుంది అని పంపేశా. ఏజెంట్‌గా ఆ తేదీలు ఎక్కడివి అని అడగాల్సింది నేను, అడగలేదు.

మూడోది వీధి పని. పిల్లల సంఘం వాళ్ళ పిలిపినో కల్చరల్ నైట్‌లో టేబుల్ పెట్టి సంతకాలు సేకరించారు, ఆయన ఫోటోతో కరపత్రం వేశారు, కాంగ్రెస్ సభ్యుడి ఆఫీసుకి వందల ఈమెయిల్స్ పెట్టారు. ఆ ఆఫీసు నుంచి వచ్చిన జవాబు ఏంటంటే, ఆ వెటరన్ స్వయంగా సంతకం చేసిన ప్రైవసీ రిలీజ్ ఫారం లేకుండా మేము ఆయన ఫైల్ గురించి ఒక్క ముక్క కూడా అడగలేం అని. నాలుగు వందల మంది సంతకాలు ఉన్నాయి, కావాల్సిన ఆ ఒక్క సంతకం లేదు. ఇది వాళ్ళని తప్పుపట్టడానికి చెప్పట్లేదు, ఫారం గురించి నేను ముందే చెప్పి ఉండాల్సింది. తర్వాత పెట్టించాం, ఆఫీసు వాళ్ళు ఎంక్వైరీ పంపారు, దానికి పాత డినయల్ లెటర్‌లో ఉన్న వాక్యాలే మళ్ళీ వచ్చాయి.

2011 వసంతంలో స్టేట్‌మెంట్ ఆఫ్ ద కేస్ వచ్చింది, అంటే ఎందుకు కాదంటున్నామో వివరంగా రాసే కాగితం. అఫిడవిట్లు సర్వీస్ డిపార్ట్‌మెంట్ ఇచ్చిన పత్రాలు కావు, కాబట్టి లెక్కలోకి రావు. ఫిలిప్పీన్స్ ప్రభుత్వం ఇచ్చిన వెటరన్ కార్డు కూడా రాదు. ఇక్కడ సర్వీసు ఉందా లేదా తేల్చేది అమెరికా ఆర్మీ రికార్డు మాత్రమే, ఆర్మీ తరఫున సెయింట్ లూయిస్‌లోని నేషనల్ పర్సనల్ రికార్డ్స్ సెంటర్ చూసి చెప్పింది వీఏకి శిలాశాసనం. పైగా కింద ఒక లైన్ ఉంది, దరఖాస్తులో చెప్పిన తేదీలకి, కొత్త స్టేట్‌మెంట్‌లో తేదీలకి పొంతన లేదని.

అంటే మేము కష్టపడి పెట్టినవి పనిచెయ్యకపోవడమే కాదు, ఒకటి ఎదురు తిరిగింది.

మధ్యలో వచ్చిన పెద్ద చర్చ

అప్పటి పద్ధతిలో తర్వాతి మెట్టు ఫారం 9, అంటే వీఏలో అప్పీళ్ళు వినే బోర్డుకి అప్పీల్, 60 రోజుల్లో వెయ్యాల్సి ఉండేది. అప్పుడే పిల్లల సంఘంలో గొడవ వచ్చింది, దీని గురించి కొంచెం ఎక్కువ రాస్తా, ఎందుకంటే యాక్టివిస్టులతో కలిసి కేసు చేసే ఎవరికైనా ఇది వస్తుంది.

2009 చట్టంలో ఒక క్లాజు ఉంది, ఆ డబ్బు తీసుకుంటే ఆ సర్వీసు విషయంలో అమెరికా ప్రభుత్వం మీద ఇంక వేరే దావా ఏదీ లేదని ఒప్పుకున్నట్టే. అప్పటికే దొరుకుతున్న బెనిఫిట్స్ పోవు, కానీ పూర్తి పెన్షన్ కావాలని అడిగే హక్కు వదులుకున్నట్టు. అందుకే చాలామంది ఉద్యమకారులు ఈ లంప్‌సమ్ వద్దు, పూర్తి సమానత్వం కావాలి అని మొదటి నుంచీ అంటున్నారు. వాళ్ళ మాటలో న్యాయం ఉంది, పదిహేను వేలు అరవై ఏళ్ళ పెన్షన్‌కి సాటి ఎలా అవుతుంది? సంఘంలో కొందరు కుర్రాళ్ళు, లోలో అప్పీల్ వదిలేసి బయటికొచ్చి మాట్లాడాలి, అన్యాయానికి ముఖం ఆయనే అవ్వాలి అన్నారు. ఫోన్ చేసిన అమ్మాయి ఒప్పుకోలేదు. మీటింగ్‌లో అరుచుకున్నారు.

నేను అక్కడ ఒకటే అడిగాను, మీలో ఎవరైనా లోలోని అడిగారా అని. ఎవరూ అడగలేదు.

మర్నాడు నేను, టాగలోగ్ బాగా వచ్చిన ఇంకొక అబ్బాయి వెళ్ళాం. కావాలనే వేరే అబ్బాయిని తీసుకెళ్ళా, రెండు పక్షాల్లోనూ లేనివాడిని. క్లాజు మొత్తం చదివి చెప్పాం, తీసుకుంటే ఏం పోతుంది, తీసుకోకపోతే ఏం జరగొచ్చు. ఈ డబ్బు ఎస్ఎస్ఐ లాంటి వాటికి ఆదాయం కింద లెక్కపెట్టరని కూడా చెప్పాం, ఎందుకంటే ఆ హోటల్ గదుల్లో ఉండే చాలామంది ముసలివాళ్ళు ఆ భయంతోనే అప్లై చెయ్యలేదు. ఆయన చాలాసేపు ఆలోచించి అన్నది ఇది: డబ్బు కావాలి, ఊళ్ళో ఇంటి కప్పు కారుతోంది. కానీ డబ్బు ఇవ్వకపోయినా పర్లేదు, నేను ఉన్నానని రాసి ఉన్న కాగితం కావాలి.

ఆ మాటతో నా ఆలోచన మారింది. ఆయన అడిగేది అదే అయితే, ఆఫీసు అడిగేది కూడా నిజానికి అదే. యుద్ధంలో పోరాడాడా లేదా అని వాళ్ళు అడగట్లేదు. ఆయన పేరు లిస్టులో ఉందా అని అడుగుతున్నారు. మేము ఏడాది పాటు వేరే ప్రశ్నకి జవాబు చెప్తూ వచ్చాం.

దారి మార్చడం

ఆ లిస్టు గురించి చెప్పాలి. యుద్ధం తర్వాత గెరిల్లాలమని దరఖాస్తు పెట్టుకున్న యూనిట్లని అమెరికా ఆర్మీ విచారించి కొందరిని గుర్తించింది, ఆ పని 1948 జూన్ 30తో ఆపేసింది. ఆ పేర్ల రోస్టర్‌నే జనం మిస్సోరీ లిస్ట్ అంటారు, సెయింట్ లూయిస్ మిస్సోరీలో ఉంది కాబట్టి. ఆపేసిన తర్వాత ఆర్మీ కొత్తగా ఎవరినీ చేర్చదు. దీని అర్థం ఏంటో నాకు అప్పుడే బాగా ఎక్కింది: 2011లో ఎంత గొప్ప సాక్ష్యం తెచ్చినా అందులో కొత్త పేరు చేరదు. మిగిలింది ఒకటే దారి, 1948 నాటికే ఆయన పేరు అందులో ఉండి ఉంటే, అది ఏ స్పెల్లింగ్‌తో, ఏ ఇంటిపేరుతో ఉందో కనిపెట్టడం. లేకపోతే ఈ చట్టం కింద ఏమీ చెయ్యలేమని ఆయనకి మొహం మీద చెప్పాలి. అది కూడా చెప్పాను, ముందే. ఆశ పెట్టి తర్వాత దించడం కంటే మేలు అనుకున్నా.

వెతకడానికి మంచి కాగితం ఏజీఓ ఫారం 23. యుద్ధం అయిపోయాక 1945 నుంచి కొన్నేళ్ళలో ఫిలిప్పీన్ ఆర్మీ ఒక్కొక్కరి చేత రాయించుకున్న ప్రాసెసింగ్ అఫిడవిట్ అది, 1941 నుంచి ఎక్కడున్నావ్, ఎవరి కింద పనిచేశావ్, అన్నీ వరసగా. సంఘటనలు జరిగిన కొద్ది కాలానికే రాసింది, కాబట్టి 2010 అఫిడవిట్ కంటే దానికి విలువ ఎక్కువ. ఆ కాపీలు మనీలా పక్కన క్వెజాన్ సిటీలో, ఫిలిప్పీన్స్ సైన్యం హెడ్‌క్వార్టర్స్ అయిన క్యాంప్ అగినాల్డోలో దొరికే అవకాశం ఉంది.

ఆ వేసవిలో ఫోన్ చేసిన అమ్మాయి వాళ్ళ అమ్మమ్మ ఊరికి వెళ్తోంది. లోలో చేత ఆథరైజేషన్ రాయించి, ఇక్కడ ఫిలిప్పీన్ కాన్సులేట్‌లో నోటరీ చేయించి ఇచ్చాం. వెళ్ళేముందు నేను ఒక పని చెప్పా, లోలోతో కాదు, లోలాతో కూర్చో, పెళ్ళికి ముందు ఆయన్ని ఊళ్ళో ఏమని పిలిచేవాళ్ళో అడుగు అని. ఎందుకంటే అప్పటిదాకా ఏడాదిపాటు మేమందరం ఆ గదికి వెళ్ళొస్తూ లోలాని ఒక్క ప్రశ్న కూడా అడగలేదు, ఆవిడ ఇచ్చిన కాఫీ తాగి వచ్చేశాం.

లోలా బట్టలు మడతపెడుతూనే చెప్పిందంట. ఆయన తల్లిదండ్రులు చర్చిలో పెళ్ళి చేసుకున్నది యుద్ధం తర్వాత. అప్పటిదాకా ఈయన తల్లి ఇంటిపేరే వాడేవాడు, బడిలోనూ అదే. మా పెళ్ళికి ముందు తండ్రి ఇంటిపేరు రాయించుకున్నాడు అని. ఫిలిపినోల పేరులో మామూలుగా తల్లి ఇంటిపేరు మధ్యలో వస్తుంది, తండ్రిది చివర. దరఖాస్తులో మధ్య పేరుని ఒక్క అక్షరంతో సరిపెట్టేశారు, అమెరికా పద్ధతిలో. సెయింట్ లూయిస్‌లో వెతికినవాళ్ళకి ఆ అక్షరం తప్ప తల్లి ఇంటిపేరు కనిపించే దారే లేదు.

ఆయన ఎందుకు చెప్పలేదు అని అడగొచ్చు. అడిగాం. సిగ్గు, అన్నాడు, హియా అంటారు వాళ్ళు. తల్లిదండ్రుల పెళ్ళి ఆలస్యం అయ్యిందన్న మాట తొంభైకి దగ్గరపడ్డ వయసులో కూడా ఆయన నోటి నుంచి రాలేదు.

ఆగస్టులో ఆ అమ్మాయి మూడోసారి వెళ్ళినప్పుడు కాపీ దొరికింది. ఫోటో తీసి మెసేజ్ పెట్టింది, నేను అర్ధరాత్రి ఫోన్‌లో పెద్దది చేసి చూశా. టైప్ చేసిన ఫారం, అక్షరాలు సగం చెరిగిపోయాయి, పేరు చివర తల్లి ఇంటిపేరు, అది కూడా బీ బదులు వీతో. స్పానిష్ కాలం నుంచి ఆ రెండు అక్షరాలు అక్కడ కలిసిపోతూనే ఉంటాయి. పుట్టిన సంవత్సరం ఒక ఏడాది తేడా. తల్లి పేరు కరెక్ట్, ఊరు కరెక్ట్, కమాండర్ పేరు మొదటి నుంచీ లోలో చెప్తున్నదే. కింద కుడి మూలన బొటనవేలి ముద్ర, నల్లగా, అంచులు కొంచెం అలుక్కుపోయి. చేరిన తేదీ మాత్రం 1942 కాదు, 1944 చివర.

ఏం పంపాం, ఎలా పంపాం

ఇక్కడ రెండు నిర్ణయాలు.

ఒకటి, 1942 అని పిల్లలు రాసిన స్టేట్‌మెంట్‌ని ఏం చెయ్యాలి. వదిలేసి, చూడరులే అనుకోవచ్చు. నేను వద్దన్నా. ఫైల్‌లో రెండు తేదీలు ఉంటే చూసేవాడికి అనుమానం ఎవరి మీద వస్తుంది, ముసలాయన మీదే. లోలో చేత చిన్న స్టేట్‌మెంట్ కొత్తగా ఇప్పించాం, టాగలోగ్‌లో ఆయన మాటల్లోనే, పక్కన అనువాదంతో: ఆ తేదీ నాకు గుర్తుండి చెప్పింది కాదు, సాయం చేసినవాళ్ళు రాశారు, 1942 నుంచి కొరియర్‌గా అన్నం, కబుర్లు మోశాను, పేరు రాసుకుని తుపాకీ ఇచ్చింది తర్వాత, ఫారంలో ఉన్నది నేను అప్పుడు చెప్పిందే. అప్పటికి కుర్రాళ్ళకి ఇది కొంచెం కష్టంగా అనిపించింది, వాళ్ళు రాసిన దాన్ని వెనక్కి తీసుకోవడం. కానీ ఆ స్టేట్‌మెంట్ మీద సాక్షిగా సంతకం పెట్టింది, దాన్ని మొదట రాసిన అబ్బాయే.

రెండోది, ఏమని అడగాలి. బెనిఫిట్ ఇవ్వండి, న్యాయం చెయ్యండి అని కాదు. ఫెడరల్ సర్క్యూట్ కోర్టు 2008లో కపెల్లన్ కేసులో తేల్చిన విషయం ఒకటుంది, క్లెయిమ్ చేసినవాళ్ళు కొత్త ఆధారం ఇస్తే వీఏ దాన్ని మళ్ళీ సర్వీస్ డిపార్ట్‌మెంట్‌కి పంపి సరిచూడమని అడగాల్సిందే, పాత జవాబు మీద కూర్చోడానికి వీల్లేదు. కాబట్టి మా కవర్ లెటర్ ఒకటే పేజీ. ఎడమ వైపు దరఖాస్తులో పేరు, కుడి వైపు ఫారంలో పేరు, దాని కింద రాగల నాలుగు స్పెల్లింగులు, రెండు పుట్టిన సంవత్సరాలు, తల్లి పేరు, యూనిట్, కమాండర్. వెనకాల ఫారం 23 కాపీ, తర్వాత తిరగరాయించిన బాప్టిజం సర్టిఫికెట్, పెళ్ళి కాగితం, లోలా స్టేట్‌మెంట్. ఈ పేర్లన్నిటితో మళ్ళీ చూడమని పంపండి, అంతే అడిగాం. ముందు పంపిన ఫైల్ నలభై పేజీలు, ఇది తొమ్మిది.

2012లో సెయింట్ లూయిస్ నుంచి జవాబు వచ్చింది. ఆయన గుర్తింపు పొందిన గెరిల్లా, తల్లి ఇంటిపేరుతో, వీతో. సర్వీసు కాలం ఏడు నెలలు.

ఏడు నెలలు అని చదివినప్పుడు ఆయన మొహం వాడిపోయింది. మూడేళ్ళు అన్నాడు, మూడు వేళ్ళు చూపిస్తూ. కొరియర్‌గా తిరిగిన కాలం లెక్కలోకి రాలేదు. ఫండ్‌కి ఎన్ని నెలలైనా సరిపోతుంది, 1946 జూలై 1కి ముందు సర్వీసు ఉంటే చాలు, డబ్బు వస్తుంది లోలో అని చెప్పాం. ఆయన తలూపాడు. ఆ మధ్యాహ్నం గెలిచాం అని ఎవరికీ అనిపించలేదు.

డబ్బు రెండు నెలల్లో వచ్చింది. ఊళ్ళో కప్పు వేయించారు.

ఇందులోంచి నేను పట్టుకెళ్ళినవి

తర్వాత వచ్చిన ప్రతి కేసులో మొదటి గంట పేర్ల మీదే గడిపాను. బడిలో ఏ పేరు, చర్చిలో ఏ పేరు, దళంలో మారుపేరు ఏంటి, తల్లి ఇంటిపేరు ఎలా రాసేవాళ్ళు, పుట్టిన ఏడాది చేరడానికి పెంచి చెప్పావా. ఆయన్ని విడిగా, భార్యని విడిగా. సిగ్గుపడే విషయాలు మగవాళ్ళు పిల్లల ముందు చెప్పరు, ఆడవాళ్ళు పని చేసుకుంటూ చెప్తారు.

కుర్రాళ్ళతో పనిచేసేటప్పుడు ముసలివాళ్ళ మాటల్లో ఖాళీలు ఉంటే ఖాళీగానే ఉంచమని ముందే చెప్తున్నా. గుర్తులేదు అన్న మాటని అలాగే రాయడం గౌరవం. పుస్తకంలో తేదీ తెచ్చి ఆయన నోట్లో పెడితే, ఆయన కథ ఆయనది కాకుండా పోతుంది, కేసు కూడా పోతుంది.

వీధి పనీ ఫైల్ పనీ ఒకదానికొకటి శత్రువులు కావు, కానీ కలిపేస్తే రెండూ చెడతాయి. ఆ పిల్లల ఊరేగింపులు లేకపోతే 2009లో ఫండే లేదు, 2003 డిసెంబర్‌లో ఇక్కడున్న వెటరన్లకి వీఏ ఆసుపత్రుల్లో వైద్యం తెరిచిన చట్టం కూడా ఇన్నేళ్ళ ఒత్తిడి వల్లే వచ్చింది. లిస్టు 1948లో మూసేయడం సరైందా కాదా అన్న ప్రశ్న వీధిలోనే అడగాలి, అడుగుతూనే ఉండాలి. ఫైల్‌లో మాత్రం ఆఫీసు అడిగిన ప్రశ్నకే జవాబు ఉండాలి. ఎవరి పేరైనా కరపత్రం మీద వేసేముందు ఆయన్ని అడగడం, ఏం పోతుందో ఏం వస్తుందో చెప్పడం, ఇది ఇద్దరి పనీ.

ఇంకా అన్నిటికంటే కష్టమైనది, లిస్టులో పేరే లేనివాళ్ళు. ఆ స్టాక్‌టన్ పెద్దాయన కేసు కూడా తర్వాత నేనే చూశా, అన్ని స్పెల్లింగులూ వెతికించా, లేదు. ఆయనకి చెప్పడానికి వెళ్ళినప్పుడు పిల్లలు కూడా వచ్చారు, ఏమీ మాట్లాడకుండా ఆయన పక్కన కూర్చున్నారు. ఆయన కూడా కొండల్లో ఉన్నాడని నేను ఇప్పటికీ నమ్ముతున్నా.

మా లోలో 2014లో పోయారు. 2016 జూన్‌లో ఇమ్మిగ్రేషన్ వాళ్ళు ఫిలిపినో వెటరన్ల కుటుంబాల కోసం ఒక పరోల్ ప్రోగ్రామ్ మొదలుపెట్టారు, వీసా లైనులో ఇరవై ఏళ్ళకి పైగా నిలబడ్డ కొడుకులు కూతుళ్ళు ముందుగా వచ్చి ముసలివాళ్ళని చూసుకోడానికి. బతికున్న భార్య కూడా అడిగే వీలుండేది, కానీ భర్త సర్వీసుని అమెరికా ఆర్మీ గుర్తించి ఉండాల్సి వచ్చేది. లోలా తన పెద్ద కూతురికి ఎప్పుడో పెట్టిన పిటిషన్ ఆమోదమై లైనులో ఉంది. ఆవిడ దిండు కింద నుంచి ప్లాస్టిక్ కవర్ తీసి నా చేతిలో పెట్టింది. అందులో పాత డినయల్ లెటర్ లేదు, 2012 జవాబు ఉంది, ఏడు నెలలు అన్నది.

తర్వాతి ఏడాది కూతురు వచ్చింది. నేను గదికి వెళ్ళేసరికి తల్లీకూతుళ్ళిద్దరూ మూలన పెట్టె ముందు కూర్చుని, ఏది అడుగున పెట్టాలి ఏది పైన పెట్టాలి అని మాట్లాడుకుంటున్నారు.